నిందితునికి న్యాయవాది ఎందుకు? – మద్యము సేవించి వాహనము నడిపిన కేసులపై ఒక పరిశీలన

నేరము మోపబడుట వేరు. నేరము రుజువగుట వేరు. ఈ రెంటి నడుమనున్న దారికే న్యాయవిచారణ అని పేరు. ఆ దారిలో నిందితుని ప్రక్కన నడచు వ్యక్తి న్యాయవాది. ఈ సామాన్య విషయము చదువుకొన్నవారికి సైతము, తమ ఇంటి మీదికి ఒక కేసు వచ్చువరకు, స్ఫురించదు.

హత్య, దోపిడి వంటి కేసులు సామాన్య కుటుంబముల గడప త్రొక్కుట అరుదు. మద్యము సేవించి వాహనము నడిపిన కేసు అట్టిది కాదు. పెండ్లి విందు నుండి తిరిగి వచ్చు యువకుడు, పగలంతయు ఆటో నడిపి రాత్రి మిత్రులతో కొంతసేపు గడిపిన డ్రైవరు, ఉద్యోగములో చేరి నెల తిరుగని పట్టభద్రుడు – వీరిలో ఎవరైనను ఒక రాత్రి పోలీసు తనిఖీలో నిలువవలసి రావచ్చును. అందుచేత ఈ విషయమును విద్యార్థుల ముందుంచుట అవసరమని మేము భావించుచున్నాము. మద్యపానమును సమర్థించుట మా ఉద్దేశము కాదు. కేంద్ర ప్రభుత్వ నివేదిక ననుసరించి 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. మత్తులో వాహనము నడుపుట ఇట్టి మరణములకు దారితీయు కారణములలో ఒకటి. ఐనను, తప్పు చేసినాడని అనుమానింపబడిన వానికి కూడ చట్టము ఒక రక్షణ నిచ్చినది. ఆ రక్షణను సక్రమముగా వినియోగించుకొనుట ఎట్లు? ఇదియే ఈ వ్యాసమున మేము పరిశీలింపదలచిన ప్రశ్న.

రెండు భాషల న్యాయస్థానము

మన న్యాయస్థానముల తెలుగులో ఉర్దూ ద్వారా వచ్చి చేరిన మాటలు ఎన్నో కలవు. వకీలు, వకాల్తు, జామీను, రాజీ, ఫిర్యాదు – వీటిని పల్లెలోని రైతు కూడ వాడును. వీటిలో ఒక మాట చిత్రమైనది. ఉర్దూలో ‘ముద్దయీ’ యన దావా వేసినవాడు; తెలుగులో ‘ముద్దాయి’ యన నేరము మోపబడినవాడు. ఒకే మాట ఒక భాషలో ఈ పక్షమున, ఇంకొక భాషలో ఆ పక్షమున నిలిచినది. ‘వకీలు’ అను మాట మాత్రము రెండు భాషలలోను తన అర్థమును నిలుపుకొన్నది. ఒకరి పనిని నమ్మకముతో అప్పగించుకొన్నవాడు అని దాని భావము. న్యాయవాదిని ఎన్నుకొనుట యన నమ్మి అప్పగించుట. నమ్మకమునకు ముందు విచారణ అవసరము. ఈ వ్యాస సారము ఇంతయే.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 185వ సెక్షను ఈ నేరమును నిర్వచించుచున్నది. వాహనము నడుపు వ్యక్తి రక్తములో ప్రతి 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్నట్లు శ్వాస పరీక్షా యంత్రము వలన గాని, ప్రయోగశాల పరీక్ష వంటి ఇతర పరీక్ష వలన గాని తేలినచో అది నేరము. మత్తుమందుల ప్రభావమున వాహనమును అదుపులో ఉంచుకొనలేని స్థితి కూడ ఈ సెక్షను క్రిందికే వచ్చును.

2019 సెప్టెంబరు 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణ ఈ నేరమునకు శిక్షను పెంచినది. మొదటిసారి నేరమునకు ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. మరల అదే నేరము చేసినచో రెండేండ్ల వరకు జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండును.

ఇచ్చట విద్యార్థులు గమనింపవలసిన అంశము ఒకటి కలదు. హెల్మెట్టు లేకపోవుట, హద్దు మీరిన వేగము వంటి పలు తప్పులకు అధికారి వద్దనే సొమ్ము చెల్లించి వ్యవహారమును ముగించుకొనుటకు ఆ చట్టములోని 200వ సెక్షను వీలు కల్పించినది. 185వ సెక్షను ఆ పట్టికలో లేదు. కావున ఈ కేసు న్యాయస్థానమునకు పోక తప్పదు. “కోర్టు దాకా పోనక్కరలేదు, స్టేషనులోనే సరిచేయించెదను” అని ఎవరైనను వచ్చి చెప్పినచో, అతడు అబద్ధమైనను ఆడుచుండవలెను, లంచము మాట యైనను పలుకుచుండవలెను. రెండింటిలో ఏదైనను నిందితుని మరింత లోతునకు దింపునదే.

శిక్ష జరిమానాతో ముగియునను అభిప్రాయము కూడ సరికాదు. 2019 సవరణ ననుసరించి పోలీసు అధికారి ఇట్టి కేసులో డ్రైవింగు లైసెన్సును స్వాధీనపరచుకొని లైసెన్సు అధికారికి పంపవచ్చును. ఆ అధికారి, లైసెన్సుదారుని వాదన విన్న పిమ్మట, మొదటి తప్పునకు మూడు నెలలు అనర్హుని చేయవచ్చును. రెండవసారి లైసెన్సునే రద్దు చేయవచ్చును. విద్యార్థికి మూడు నెలలు బస్సులో తిరుగుట ఇబ్బంది మాత్రమే. ఆటో డ్రైవరునకు మూడు నెలలు లైసెన్సు లేకపోవుట యన పొయ్యిలో పిల్లి లేవకపోవుట. కనుకనే వాదన వినిపించు ఆ అవకాశమును పోగొట్టుకొనరాదు.

పదునెనిమిదేండ్లు నిండని ఇంటర్మీడియెట్ విద్యార్థుల తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. బాలుడు వాహనము నడిపి నేరమునకు పాల్పడినచో, 199ఏ సెక్షను ప్రకారము సంరక్షకుడు గాని వాహన యజమాని గాని మూడేండ్ల వరకు జైలుకు, 25,000 రూపాయల జరిమానాకు పాత్రుడగును. తనకు తెలియకుండ జరిగినదనియో, ఆపుటకు తగిన జాగ్రత్త వహించితిననియో రుజువు చేసికొను భారము వారిదే.

తనిఖీ జరిగిన రాత్రి

న్యాయవాది పని న్యాయస్థానములో మొదలగునని చాలమంది తలంతురు. వాస్తవమునకు అతనికి కావలసిన సామగ్రి తనిఖీ జరిగిన రాత్రియే సిద్ధమగును. కావున ఆ రాత్రి నిందితుని నడవడి ముఖ్యము.

సహేతుకమైన అనుమానమున్నప్పుడు శ్వాస పరీక్షకు ఆదేశించు అధికారము 203వ సెక్షను పోలీసులకు ఇచ్చినది. పరీక్షను నిరాకరించుట తెలివియని కొందరు మిత్రులు బోధింతురు. అది పొరపాటు. తగిన కారణము లేక నిరాకరించినచో, ఆ నిరాకరణనే అభియోగమునకు బలము చేకూర్చు అంశముగా న్యాయస్థానము భావింపవచ్చునని 205వ సెక్షను చెప్పుచున్నది. అధికారితో వాగ్వాదము, తోపులాట మరియొక కేసునకు దారితీయును. ఒక చిన్న కేసు రెండు కేసులగును.

అట్లని నిందితుడు హక్కులు లేనివాడు కాడు. 185వ సెక్షను క్రింద వారంటు లేకయే అరెస్టు చేయవచ్చును గాని, అరెస్టు జరిగిన రెండు గంటలలో అర్హుడైన వైద్యునిచే పరీక్ష జరిపింపవలెను. లేనిచో విడిచిపెట్టవలెనని 202వ సెక్షను విధించినది. అరెస్టుకు కారణము తెలుసుకొనుట, బంధువునకు వార్త పంపించుకొనుట, న్యాయవాదిని కలిసికొనుట అతని హక్కులు. ఈ నేరము జామీనుకు అర్హమైనది. జామీను అడుగుట దయాభిక్ష కాదు, హక్కు. పూచీదారుని చూపలేని నిరుపేదను అతని స్వంత పూచీకత్తు మీద విడుదల చేయుటకు కూడ చట్టమున వీలు కలదు.

వాహనము సంగతి వేరు. తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో ఈ విషయమున స్పష్టమైన తీర్పునిచ్చినది. నడుపువాడు మత్తులో ఉన్నాడను ఒక్క కారణముచే వాహనమును జప్తు చేయు అధికారము పోలీసులకు లేదనియు, ప్రక్కన మద్యము సేవించని, లైసెన్సు గల వ్యక్తి యున్నచో అతనికి వాహనమును అప్పగింపవలెననియు ఆ తీర్పు సారాంశము. అట్టివారు లేనప్పుడు వాహనమును స్టేషనులో భద్రపరచి, పత్రములు చూపిన పిమ్మట అప్పగింపవలెను.

మరునాడు ఉదయము నిందితుడు చేయవలసిన మొదటి పని, జరిగినదంతయు గంటలతో సహా కాగితము మీద వ్రాసి పెట్టుకొనుట. ఎక్కడ ఆపిరి, ఎన్ని గంటలకు పరీక్ష జరిగినది, యంత్రము చూపిన అంకె ఎంత, చీటీ ఇచ్చిరా లేదా, వైద్యుని వద్దకు తీసికొనిపోయిరా, ప్రక్కన ఎవరుండిరి – ఇవి యన్నియు వ్రాయవలెను. జ్ఞాపకము వారము తిరుగులోపల మారును, కాగితము మారదు.

ఈ హక్కు ఎక్కడినుండి వచ్చినది?

తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించు హక్కును, అతని ద్వారా వాదించుకొను హక్కును అరెస్టయిన వ్యక్తికి నిరాకరింపరాదని మన రాజ్యాంగములోని 22వ అధికరణము చాటుచున్నది. కాని ఫీజు ఇచ్చుకొనలేని వానికి ఈ హక్కు కాగితము మీది మామిడిపండు. ఈ లోటును గుర్తించి 1976లో 42వ సవరణ ద్వారా 39ఏ అధికరణమును చేర్చి, ఉచిత న్యాయ సహాయమును రాజ్యము యొక్క కర్తవ్యముగా ప్రకటించిరి.

అటుపిమ్మట సర్వోన్నత న్యాయస్థానము ఒక్కొక్క మెట్టు కట్టినది. 1978లో హోస్కాట్ కేసు, 1979లో బీహారు జైళ్ళలో విచారణ లేక మ్రగ్గుచున్న ఖైదీలను గూర్చిన హుస్సేనారా ఖాతూన్ కేసు, 1981లో ఖత్రీ కేసు – ఇవి బీద నిందితునికి న్యాయవాదిని సమకూర్చుట జీవించు హక్కులో భాగమని స్థాపించినవి. 1986లో సుఖ్ దాస్ కేసు తీర్పు ఇంకొక అడుగు ముందుకు వేసినది. నిందితుడు నోరు తెరచి అడుగలేదు గదాయని న్యాయ సహాయమును మానుట తగదనియు, ఆ హక్కు ఉన్నదని అతనికి చెప్పకయే జరిపిన విచారణ చెల్లదనియు న్యాయస్థానము నిర్ణయించి శిక్షను కొట్టివేసినది. తెలియని హక్కును అడుగువాడెవడు? చెప్పవలసిన బాధ్యత న్యాయస్థానముదే.

తాగి నడిపిన వానిని సమర్థించుట ధర్మమా?

ఈ ప్రశ్న న్యాయశాస్త్రము చదువని వారినే గాక చదువువారిని కూడ బాధించును. ఒక తల్లి తన కుమారుని రోడ్డు మీద పోగొట్టుకొన్నది. మత్తులో వాహనము నడిపినవాని పక్షమున నల్లకోటు ధరించిన వ్యక్తి నిలబడినాడు. ఆ తల్లి కన్నులకు ఆ న్యాయవాది ఎట్లు కనబడును? దీనికి తేలిక సమాధానము లేదు. కాని సమాధానము లేకపోలేదు.

భారత బార్ కౌన్సిలు నియమముల ప్రకారము, నిందితుడు దోషియా కాదా అను తన స్వంత అభిప్రాయముతో నిమిత్తము లేక అతని పక్షమున వాదించుట న్యాయవాది విధి. 2010లో మహమ్మద్ రఫీ కేసులో సుప్రీం కోర్టు ఈ సూత్రమును గట్టిగా చెప్పినది. కోయంబత్తూరులో పోలీసులకును న్యాయవాదులకును ఘర్షణ జరుగగా, పోలీసుల పక్షమున ఎవరును వాదింపరాదని అచ్చటి న్యాయవాదుల సంఘము తీర్మానించినది. అట్టి తీర్మానములు రాజ్యాంగమునకు, వృత్తి ధర్మమునకు విరుద్ధములని, అవి చెల్లవని న్యాయస్థానము ప్రకటించినది. ఎంతటి నింద మోయువానికైనను న్యాయవాది ఉండవలెను. ఏలయన, ఏ నింద నిజమో ఏది కాదో విచారణకు ముందే తెలిసినచో విచారణయే అనవసరము.

ఐతే దీనికి ఒక హద్దు కలదు. సాక్ష్యమును ప్రశ్నించుట న్యాయవాది ధర్మము. సాక్షిని కొనుట నేరము. 1999 జనవరి 10న ఢిల్లీలో ఒక ఖరీదైన కారు ఆరుగురి ప్రాణములను బలిగొన్నది. ఆ కేసులో నిందితుని పక్షమున నిలిచిన ఒక సీనియరు న్యాయవాది, సాక్షిని లోబరచుకొనుటకు యత్నించెనని 2007లో ఒక టెలివిజను సంస్థ రహస్య చిత్రీకరణ ద్వారా బయటపెట్టినది. 2008లో ఢిల్లీ హైకోర్టు అతనిని న్యాయస్థాన ధిక్కార నేరమునకు దోషిగా నిర్ణయింపగా, 2009లో సుప్రీం కోర్టు ఆ నిర్ణయమును సమర్థించినది. నిందితునికి కూడ ఆ మార్గము మేలు చేయలేదు. 2012లో సుప్రీం కోర్టు అతనిని నిర్లక్ష్యముచే మరణమునకు కారకుడైన వానిగా మాత్రమే గాక, అంతకంటె తీవ్రమైన నరహత్యా నేరమునకు దోషిగా నిర్ధారించినది.

అదే 2012లో ముంబయి కేసు తీర్పు వెలువడినది. 2006 నవంబరు 12న బాంద్రాలోని కార్టర్ రోడ్డున కాలిబాట మీద నిద్రించుచున్న ఏడుగురు కూలీలు కారు క్రింద పడి మరణించిరి. క్రింది న్యాయస్థానము విధించిన ఆరు నెలల శిక్షను బొంబాయి హైకోర్టు మూడేండ్లకు పెంచగా, సుప్రీం కోర్టు దానిని ఖాయపరచినది. మత్తులో నడిపి ప్రాణములు తీసిన కేసు 185వ సెక్షనుతో ఆగదని ఈ రెండు తీర్పులు తెల్పుచున్నవి.

మంచి న్యాయవాది ఏమి చేయును?

ఇట్టి కేసులో న్యాయవాది మంత్రము వేయడు. అతడు కాగితములు చదువును. శ్వాస పరీక్షా యంత్రము సరిగా పనిచేయుచున్నదని చూపు ధ్రువపత్రము కలదా? చీటీ మీది పేరు, తేదీ, సమయము చార్జిషీటులోని వాటితో సరిపోలుచున్నవా? రక్త పరీక్ష జరిగినచో నమూనాను ఎవరు తీసిరి, ఎట్లు భద్రపరచిరి? వాహనము నడిపినది నిందితుడే యనుటకు సాక్ష్యమేది? ఇవి అతడు వేయు ప్రశ్నలు. కేవలము నోటి వాసనను, కనుపాపల స్థితిని బట్టి వైద్యుడిచ్చిన అభిప్రాయము, రక్త పరీక్ష లేనప్పుడు, చాలదని 1971లోనే ఒక ముంబయి కేసులో సుప్రీం కోర్టు చెప్పియుండెను.

సాక్ష్యము బలముగా నున్నచో కూడ అతనికి పని కలదు. శిక్ష విషయమున వాదించుట ఆ పని. 1958 నాటి నేరస్థుల ప్రొబేషను చట్టములోని 6వ సెక్షను, ఇరువది యొక్క యేండ్లు నిండని దోషిని, తగిన కారణములు వ్రాతపూర్వకముగా నమోదు చేయక జైలుకు పంపరాదని చెప్పుచున్నది. కళాశాల విద్యార్థికి ఇది ఎంత ముఖ్యమో వేరుగా చెప్పనక్కరలేదు. కాని న్యాయస్థానము దృష్టికి దీనిని తెచ్చువారుండవలెను.

తొందరపాటున నేరము నొప్పుకొనరాదు

న్యాయస్థానము వరండాలో తరచుగా వినవచ్చు సలహా ఒకటి కలదు: “ఒప్పుకొని జరిమానా కట్టి పోవయ్యా, ఒక్కపూటలో ముగియును.” నిజముగా తప్పు చేసినవాడు నిజాయితీతో ఒప్పుకొనుటలో అవమానము లేదు, అది గౌరవప్రదము కూడ. కాని ఒప్పుకొనుటయన నేమో తెలిసి ఒప్పుకొనవలెను. అది శిక్షార్హమైన నేరమున దోషిగా నమోదగుట. తరువాతి తప్పు ‘రెండవసారి నేరము’గా పరిగణింపబడుటకు అదియే పునాది.

పైగా ప్రభుత్వోద్యోగమునకు ఎంపికైనప్పుడు కేసులను గూర్చి, శిక్షలను గూర్చి అడుగు పత్రములు నింపవలసి వచ్చును. భయముతో ‘లేదు’ అని వ్రాసినచో, ఆ దాచిపెట్టుటయే ఉద్యోగమునకు ముప్పు. అవతార్ సింగు కేసులో 2016లో సుప్రీం కోర్టు ఈ విషయమున మార్గదర్శక సూత్రములను ఇచ్చినది. చిన్న విషయమును దాచినప్పుడు యజమాని క్షమింపవచ్చును గాని, ఇచ్చు సమాచారము సత్యముగా నుండవలెనని ఆ తీర్పు స్పష్టము చేసినది. కావున ఒప్పుకొనుటకు ముందు ఒక్క గంట న్యాయవాదితో మాట్లాడుట, ఆ పిమ్మట పదేండ్లు చింతించుట కంటె మేలు.

ఎన్నుకొను విధానము

మొదటిది: బార్ కౌన్సిలులో నమోదైన అడ్వకేటు మాత్రమే న్యాయస్థానములో వాదింప నర్హుడు. నమోదు సంఖ్యను అడుగుట అమర్యాద కాదు. గేటు వద్ద చేయి పట్టుకొని “మా సారు వద్దకు రండి” అని లాగువాడు దళారి. న్యాయవాదులు ప్రకటనలు చేసికొనుట, మనుష్యులను పెట్టి కేసులు రప్పించుకొనుట వృత్తి నియమములకు విరుద్ధము. దళారీల జాబితాలను ప్రకటించు అధికారమును 2023లో అడ్వకేట్ల చట్టమునకు చేసిన సవరణ న్యాయస్థానములకు ఇచ్చినది.

రెండవది: పేరు ప్రతిష్ఠల కంటె అనుభవమును చూడవలెను. ఆస్తి దావాలలో దిట్టయైన పెద్ద న్యాయవాది కంటె, మేజిస్ట్రేటు న్యాయస్థానములో దినదినము క్రిమినలు కేసులు నడుపు యువ న్యాయవాది ఇచ్చట ఉపయోగపడవచ్చును. ఇట్టి కేసులు ఎన్ని నడిపినారు, వాయిదాలకు తామే వత్తురా లేక జూనియరును పంపుదురా, కేసు ఎంత కాలము నడువవచ్చును అని వినయముతోనే అడుగవలెను.

మూడవది: “కేసు కొట్టివేయించెదను” అని మొదటి దినముననే హామీ ఇచ్చువానికి దూరముగా నుండవలెను. కాగితములు చూడక ఫలితము చెప్పుట జ్యోతిషమే గాని న్యాయవాదము కాదు. “ఈ అంశము మనకు అనుకూలము, ఈ అంశము ప్రతికూలము” అని రెండు వైపుల చెప్పువాడు నమ్మదగినవాడు.

నాలుగవది: ఫీజు ముందే మాట్లాడుకొనవలెను. మొత్తమెంత, అది ఏ దశ వరకు, గుమాస్తా ఖర్చులు అందులో చేరినవా, లైసెన్సు అధికారి ముందు హాజరగుటకు వేరుగా ఇవ్వవలెనా అని తేల్చుకొని రశీదు తీసికొనవలెను. గెలిచినచో ఇంత, ఓడినచో ఇంత యను ఒప్పందము నియమ విరుద్ధము. ‘లోపలివారికి ఇవ్వవలెను’ అని సొమ్ము అడిగినచో అక్కడనే లేచి రావలెను.

ఐదవది: వకాల్తునామాను చదివి సంతకము చేయవలెను. ఖాళీ కాగితముల మీద సంతకము చేయరాదు. ప్రతి కాగితము నకలు ఇంటి వద్ద ఉంచుకొనవలెను. న్యాయవాదిని మార్చుకొను స్వేచ్ఛ కక్షిదారునికి కలదు. ఫీజు బాకీ యున్నదను కారణముచే కేసు కాగితములను పట్టి ఉంచు హక్కు న్యాయవాదికి లేదని 2000 సంవత్సరములో సక్సేనా కేసులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. న్యాయవాది దుర్వర్తనపై ఫిర్యాదు రాష్ట్ర బార్ కౌన్సిలుకు చేయవలెను. న్యాయవాదుల సేవలు వినియోగదారుల చట్టము క్రిందికి రావని 2024 మే నెలలో సుప్రీం కోర్టు నిర్ణయించినది.

ఇక కక్షిదారుని బాధ్యత ఒకటి కలదు: న్యాయవాదితో సత్యము చెప్పుట. వృత్తి సంబంధముగా అతనికి చెప్పిన మాటను, కక్షిదారుని అనుమతి లేనిదే, అతడు వెల్లడింపరాదని సాక్ష్య చట్టము చెప్పుచున్నది. నేరము చేయుటకై చెప్పిన మాటకు మాత్రము ఈ రక్షణ లేదు. రెండు గ్లాసులు త్రాగి ‘మందు దగ్గు సిరపు’ అని న్యాయవాదికి చెప్పినవాడు, వైద్యునికి రోగము దాచినవానితో సమానము.

ఫీజు ఇచ్చుకొనలేని వారు

1987లో చేయబడి, 1995 నవంబరు 9 నుండి అమలులోనికి వచ్చిన న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టము మన దేశమున ఒక గొప్ప ఏర్పాటు. జిల్లా న్యాయస్థాన ప్రాంగణములో జిల్లా న్యాయ సేవల సంస్థ కార్యాలయము ఉండును. 15100 అను టెలిఫోను సంఖ్యకు కూడ విన్నవించుకొనవచ్చును.

ఎవరు అర్హులు? షెడ్యూల్డు కులముల వారు, షెడ్యూల్డు తెగల వారు, స్త్రీలు, బాలబాలికలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధములో నున్నవారు, రాష్ట్రము నిర్ణయించిన పరిమితి కంటె తక్కువ ఆదాయము కలవారు మున్నగువారిని 12వ సెక్షను పేర్కొన్నది. అల్పసంఖ్యాక వర్గమునకు చెందియుండుట ఒక్కటే ఈ జాబితాలో అర్హతగా లేదు. కనుక మన విద్యార్థులలో పలువురు ఈ సహాయము తమకు లేదని పొరబడవచ్చును. కాని స్త్రీయైనచో ఆదాయముతో నిమిత్తము లేదు. నిర్బంధములో నున్నవానికి కులముతో గాని ఆదాయముతో గాని నిమిత్తము లేదు. తక్కినవారికి ఆదాయ ధ్రువపత్రము దారి చూపును. ఈ ఒక్క విషయమును ప్రతి విద్యార్థియు తన వీధిలోని నలుగురు ఆటో డ్రైవర్లకు చెప్పినచో, ఈ వ్యాసము వ్రాసిన ప్రయోజనము నెరవేరినట్లే.

ముగింపు

న్యాయవాదిని నియమించుకొనుట శిక్ష నుండి తప్పించుకొను ఉపాయము కాదు. చేయని తప్పునకు శిక్ష పడకుండుటకు, చేసిన తప్పునకు తగినంత మాత్రమే శిక్ష పడుటకు చట్టము ఏర్పరచిన సాధనము. ధనవంతుడు దానిని కొనుక్కొనునప్పుడు, బీదవాడు దాని పేరైనను ఎరుగక దళారి చేతిలో పడినచో, న్యాయదేవత త్రాసు ఒకవైపునకు ఒరుగును. దానిని సరిచేయుట చదువుకొన్నవారి కర్తవ్యము.

మన కళాశాల కార్యవర్గము వారికి మా సవినయ సూచన ఒకటి కలదు. ఏటా నవంబరు 9న న్యాయ సేవల దినోత్సవము జరుగును. ఆ దినమున జిల్లా న్యాయ సేవల సంస్థ వారిని కళాశాలకు ఆహ్వానించి, ఉర్దూ తెలుగు భాషలు రెండింటిలోను ఒక ఉపన్యాసము ఏర్పాటు చేసినచో విద్యార్థులకును, వారి కుటుంబములకును మేలు కలుగును. ఆ సభకు విద్యార్థుల తండ్రులను, అన్నలను కూడ పిలువవలెను; ఏలయన వాహనము నడుపువారిలో వారే ఎక్కువ.

కడపటి మాట. ఈ కేసులలో అన్నిటికంటె చౌకయైన న్యాయవాది, మద్యము సేవించిన రాత్రి తాళపుచెవిని ప్రక్కవానికి ఇచ్చివేయు వివేకము. అతనికి ఫీజు లేదు, వాయిదా లేదు. అన్నిటికంటె ముఖ్యముగా, ఏ తల్లియు ఆ మరునాడు ఆసుపత్రి గడప వద్ద నిలువనక్కరలేదు.